మూడో బెల్టు కూడా పోయింది

మూడో బెల్టు మంగళవారం పొద్దున పదిన్నరకు పోయింది. క్లబ్‌హౌస్ ముందున్న పెద్ద లాన్‌లో, సరిగ్గా నడిమధ్యన. ఇంజను ఆడుతూనే ఉంది, సీటు మీద ఇస్సాకు తొడలు అదురుతూనే ఉన్నాయి, బండి మాత్రం అంగుళం కదల్లేదు. ఆ వెంటనే కాలిన రబ్బరు వాసన గుప్పుమంది. ఇస్సాకు తాళం తిప్పి ఇంజను ఆపేసి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకొని అట్లాగే కూర్చుండిపోయాడు. దిగి చూడబుద్ధి కాలేదు. చూసేదేముంది, ఏమైందో తెలుస్తూనే ఉంది. అరవై రెండేళ్ళ మనిషి, పొద్దున్నే లేచి కౌకూర్ నుంచి శామీర్‌పేట దాకా పాత మోపెడ్ మీద ఆ లారీల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని వస్తే, వచ్చిన రెండు గంటలకే ఈ దరిద్రం.

గడ్డి కోసే బండికి బెల్టు పోవడం వింతేమీ కాదు. ఇంజను తిరుగుడును చక్రాలకు అందించేది ఆ నల్ల రబ్బరు పట్టీయే. అరగడం దాని పని, మార్చడం ఇస్సాకు పని. కానీ ఒకసారి కొత్తది వేస్తే రెండేళ్ళు దాని మొహం చూడక్కర్లేదు. అలాంటిది దసరా వెళ్ళినప్పటి నుంచి ఇది మూడోది. మొదటిది పోతే పాతబడింది, పోనీలే అనుకున్నాడు. రెండోది పదకొండు రోజులకు పోతే సరుకు మంచిది కాదేమో అనుకున్నాడు. ఇది తొమ్మిది రోజులు కూడా సరిగ్గా ఆగలేదు. ఇంక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

దూరం నుంచే చూసి గోపాలరావు వచ్చాడు. నూట నలభై ఇళ్ళున్న ఆ విల్లాల కాలనీకి ఆయన సెక్రటరీ. కాకినాడ వైపు మనిషి. నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరై, కొడుకు సుధీర్ ఇక్కడ ఇల్లు కొంటే భార్యతో సహా వచ్చి స్థిరపడ్డాడు. చెడ్డవాడు కాదు. వట్టి మొహమాటస్తుడు, ఎదుటివాడికి కష్టం కలిగించే మాట ఒక్కటి కూడా ఆయన నోటి నుంచి ఊడిపడదు. అయితే సెక్రటరీ అయ్యాక గొంతు పెంచాడని ఇస్సాకు లోలోపల గొణుక్కునేవాడు. ఏడాదిగా చూస్తున్నాడు కదా, మూరెడు దూరంలోకి వచ్చి, మొహంలో మొహం పెట్టి మరీ అరుస్తున్నాడు. పదవి వస్తే ఎవరైనా ఇంతే కాబోలు.

"మళ్ళీ పోయిందా?" అన్నాడు గోపాలరావు, అదే గొంతుతో.

"పోయింది సారూ."

గోపాలరావు నడుం మీద చేతులు పెట్టుకొని బండి చుట్టూ ఒకసారి తిరిగి, మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఆదివారం కమిటీ మీటింగుందయ్యా ఇస్సాకూ. ఎవరో ఏజెన్సీ వాళ్ళు కాగితం ఇచ్చిపోయారు. బండీ వాళ్ళదే, మనిషీ వాళ్ళ మనిషే. ఈ బెల్టుల గోల మనకెందుకు, వాళ్ళకిచ్చేద్దాం అంటున్నారు అందరూ."

"అంటే నన్ను తీసేస్తరా సారూ?"

"నేననట్లేదు. అందరూ అంటున్నారు."

"ఆదివారం దాంక టైమియ్యండి. గీ బెల్టు ఎందుకు పోతాందో నేను పట్టుకుంట. పట్టుకోకుంటే మీరు తీసేసుడెందుకు, నేనే పోత."

గోపాలరావు గడ్డి వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, ఇస్సాకు వైపు మాత్రం చూడలేదు. "సరే, చూడు మరి," అని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఇస్సాకు గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే ఈ గొడవ ఎవరికీ అర్థం కాదు. వీళ్ళ నాయిన శామ్యూల్ బొల్లారంలో మిలిటరీ వాళ్ళ మెస్సులో తోటమాలి. ఇంజను లేని రోజుల్లో చేత్తో నెట్టే గడ్డికోత బండిని నెట్టీ నెట్టీ ఆయన భుజాలు వంగిపోయాయి. కొడుకు ఆ బతుకు బతకొద్దని, తెలిసినాయన కాళ్ళూ వేళ్ళూ పట్టుకొని మేడ్చల్ రోడ్డులో ఉన్న నూలు మిల్లులో పెట్టించాడు. ఇస్సాకు అక్కడ ఇరవై ఆరేళ్ళు చేశాడు. బెల్టులూ, పుల్లీలూ, బేరింగులూ, ఇవే అతని లోకం. షెడ్డులో నాలుగు వందల కదుర్లు ఒక్కసారి తిరుగుతుంటే మామూలు మనిషికి పక్కవాడి మాట వినపడదు. ఇస్సాకు ఆ రొదలో నడుచుకుంటూ పోయి ఒక మిషను దగ్గర ఆగి, స్క్రూడ్రైవర్ మొన బేరింగుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకొని, "గిది వారంల పోతది" అనేవాడు. వారంలో పోయేది. మేనేజరు కూడా ఇంజినీర్లను పక్కన పెట్టి "బెల్టు ఇస్సాకును పిలవండి" అనేవాడంటే ఇంక చూసుకోండి.

చెవుల్లో పెట్టుకొమ్మని మిల్లులో అందరికీ దూది ఇచ్చేవాళ్ళు. ఇస్సాకు ఒక్కరోజు కూడా పెట్టుకోలేదు. "దూది పెట్టుకుంటే బేరింగు ముచ్చట ఎట్ల ఇనాలె?" అని నవ్వేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఏం చెప్పమంటారు, అప్పుడది గొప్ప. తర్వాత మిల్లు మూతపడింది. రెండు మూడు చోట్ల పనిచేసి, ఎక్కడా నిలవక, చివరికి తొమ్మిదేళ్ళ కింద ఈ కాలనీలో గడ్డిబండి మీదికెక్కాడు. తండ్రి నెట్టుకుంటూ నడిచిన పని కొడుకు కూర్చొని చేస్తున్నాడు, అంతే తేడా.

కూతురు క్రిస్టీనా యాప్రాల్‌లో ఉంటుంది. అల్లుడు మంచివాడే, వచ్చినప్పుడల్లా "ఇగ చాలు మామా, మా దగ్గరికి రా, కూసో" అంటాడు. కూర్చోవడమంటేనే ఇస్సాకుకు భయం. మిల్లు మూసిన ఏడాది ఇంట్లో కూర్చున్నాడు. భార్య ఎలీషమ్మ చీపురు పట్టుకొస్తే కాళ్ళు పైకెత్తడం, ఊడ్చి వెళ్ళాక దించడం. ఇంటికొచ్చిన వాళ్ళు అతన్ని దాటుకొని లోపలికి పోయి ఆమెతో మాట్లాడి వెళ్ళేవాళ్ళు. ఇంట్లో ఒక సామాను అయిపోయాడు మనిషి. ఆ ఏడాది తలుచుకుంటే ఇప్పటికీ అతనికి నోరు చేదవుతుంది. ఈ పని పోతే ఈ వయసులో ఇంకో పని దొరకదు. మళ్ళీ కాళ్ళెత్తుకొని కూర్చోవడమే. అందుకే ఆ మూడో బెల్టు అతనికి బెల్టు కాదు.

బుధవారం రాణీగంజ్ పోయాడు. కౌకూర్ నుంచి సికింద్రాబాదు దాకా ఆ ట్రాఫిక్కులో పోయేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. కాలిన బెల్టు భుజాన వేసుకొని పోయి, కొలత కొలతా, నంబరు నంబరూ దుకాణంలో సరిచూశాడు. తేడా లేదు. అంతకుముందు వేసిన రెండూ ఇదే సరుకు, మంచి సరుకే. అంటే తప్పు బెల్టులో లేదు. బెల్టును తినేస్తున్నది ఏదో బండిలోనే ఉంది. కొత్తది తీసుకొని తిరిగి వస్తుంటే మోకాళ్ళు రెండూ పచ్చిపుండ్లయిపోయాయి.

ఆ సాయంత్రం ఇంట్లో ఎలీషమ్మతో ఒకటే రుసరుస. ఆమె ఈ మధ్య ప్రతిదానికీ అరుస్తోంది. ఒకప్పుడు చీమకు కూడా వినపడకుండా మాట్లాడే మనిషి. అన్నం తినమని అరుపు, తలుపేయమని అరుపు. "ఏందే, నేనేమన్న ఊరవతల ఉన్ననా?" అని విసుక్కున్నాడు. ఆమె కంచం ముందుకు నెట్టింది. ముసలితనంలో ఆడవాళ్ళకు కోపం ఎక్కువవుతుంది కాబోలని సరిపెట్టుకున్నాడు. అసలు ఆ ఏడాది అన్నీ అట్లాగే తగలడ్డాయి అతనికి. చర్చిలో కొత్త మైకు కొన్నారు, పాస్టరుగారి మాట ఒక్కటీ సరిగ్గా రావడం లేదు. "మంచిది కొనకపోయిండ్రు, పైసలు దండుగ" అని ఇస్సాకు సంఘ పెద్దల దగ్గర రెండుసార్లు గొడవ పెట్టుకున్నాడు కూడా. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకొని ఊరుకున్నారు.

గురువారం పొద్దున్నే షెడ్డులో బండిని ఇటుకల మీదికెత్తి కిందికి దూరాడు. వరస ప్రకారం చూశాడు. బెల్టును లాగిపెట్టే స్ప్రింగు సాగిపోతే బెల్టు జారుతుంది. స్ప్రింగు బిగువుగానే ఉంది. ఇంజను కింది పుల్లీ గాడిలో గరుకు ఉంటే బెల్టు చీలుతుంది. వేలు పెట్టి చుట్టూ తడిమాడు, గాజులా నున్నగా ఉంది. పుల్లీలు ఒకదానికొకటి వంకరగా ఉంటే బెల్టు అంచు అరుగుతుంది. దారం కట్టి చూశాడు, తిన్నగా ఉన్నాయి. నూనె చుక్క ఎక్కడన్నా పడుతుందేమోనని గుడ్డ పెట్టి తుడిచి చూశాడు, గుడ్డ పొడిగా ఉంది. ఇంక మిగిలింది బెల్టు బిగువు చూసుకునే చిన్న పుల్లీ, దాని లోపలి బేరింగు. దాన్ని చేత్తో గిర్రున తిప్పి, తల పక్కకు వంచి విన్నాడు. చప్పుడు లేదు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి పాత అలవాటు ప్రకారం చెవికి ఆనించుకొని మళ్ళీ తిప్పాడు. ఏమీ లేదు, మంచు కురిసినంత నిశ్శబ్దం. చప్పుడు లేని బేరింగు మంచి బేరింగు. ఇరవై ఆరేళ్ళు దాన్ని నమ్ముకొనే కదా తిండి తిన్నాడు. దాన్ని వదిలేశాడు.

ఆ రోజంతా చూసిందే మళ్ళీ చూశాడు. మధ్యాహ్నం తెచ్చుకున్న సద్ది విప్పబుద్ధి కాలేదు. నడుం పట్టేసి, బండి కిందే వెల్లకిలా పడుకొని ఆ ఇనుప కడుపు వైపు చూస్తూ, "నువ్వు నాకెన్నడు అబద్ధం జెప్పలే. ఇప్పుడేందే?" అని దానితోనే మాట్లాడాడు. అలసిపోయాడు పాపం. ఆ వయసులో అంత అలుపు మంచిది కాదు. ఒక్క ఆదివారం దాటితే చాలనుకున్నాడు.

శుక్రవారం ఇంక చేసేదేమీ లేక కొత్త బెల్టు వేశాడు. ఇది నాలుగోది. షెడ్డు బయటికి తెచ్చి, నడపకుండా ఇంజను మాత్రం వేసి, వెనక వంగి చూస్తున్నాడు. కళ్ళ ముందు ఒక చీర కుచ్చిళ్ళు కనపడ్డాయి. తలెత్తి చూస్తే సీతామహాలక్ష్మి, గోపాలరావు భార్య. షెడ్డుకు ఎదురుగా ఉన్న మూల ఇల్లు వాళ్ళదే. ఆయాసపడుతోంది, మొహం ఎర్రగా ఉంది.

"ఏవయ్యా! గేటు దగ్గర్నుంచీ గొంతు చించుకుని పిలుస్తున్నానే! వెనక్కి తిరగవేం?"

"బండి చప్పుడుల ఇనపడలే అమ్మా."

"నీ బండి చప్పుడు గురించేనయ్యా బాబూ నేనొచ్చింది! ఏంటా కీచుమనడం? నెల రోజుల నుంచీ వింటున్నాం, చెవులు తూట్లు పడుతున్నాయి. స్టీలు గిన్నెని గరిటెతో గీరుతున్నట్టు! మధ్యాహ్నం కునుకు తీద్దామంటే కిటికీలన్నీ మూసుకోవాల్సొస్తోంది. కాస్త నూనో గీనో వెయ్యకూడదూ?"

ఇస్సాకు ఆమె మొహం వైపు చూశాడు, బండి వైపు చూశాడు. "కీచుమంటాందా?"

"అంటోందా ఏంటి! ఇదుగో, ఇప్పుడు కూడా అంటోందిగా!"

అతను తల వంచి ఊపిరి బిగబట్టి విన్నాడు. ఇంజను దడదడ ఒక్కటే. అది కూడా చెవికి వినపడుతున్నదా, అరికాళ్ళకు తెలుస్తున్నదా అన్నది మొదటిసారిగా అనుమానం వచ్చింది అతనికి. ఇంజను ఆపాడు. బెల్టు విప్పి పక్కన పెట్టాడు.

"అమ్మా, ఒక్క నిమిషం నిలబడుండ్రి. జర ఇని చెప్పుండ్రి." ఇంజను పుల్లీని చేత్తో తిప్పాడు. "గిదా?"

"కాదు."

చక్రాల వైపు పుల్లీని తిప్పాడు. "గిదా?"

"ఊహూఁ. దాన్నుంచి ఏమీ రావట్లేదు."

బిగువు చూసే చిన్న పుల్లీని తిప్పాడు. నిన్న మంచిదని వదిలేసిందే.

"ఆఁ! ఇదే! అబ్బ, ఇసక పోసి తిరగలి తిప్పినట్టు లేదూ! నీకు వినపడట్లేదా?"

ఇస్సాకు చెయ్యి దాని మీదే ఉండిపోయింది. స్క్రూడ్రైవర్ తీసి చెవికి ఆనించుకొని తిప్పాడు. ఏమీ లేదు. ఇంకో చెవికి మార్చాడు. ఏమీ లేదు. అప్పుడు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి బొటనవేలు నొక్కిపెట్టి మెల్లగా తిప్పాడు. గర గర గర. వేలికి స్పష్టంగా తెలిసింది. ఇంత తెలిసేదాన్ని నిన్న తెలుసుకోలేకపోయాడు. ఇన్నేళ్ళుగా చెవిని నమ్మినవాడు చేతిని ఎన్నడూ అడగలేదు మరి.

సీతామహాలక్ష్మి అతన్ని ఒకలా చూసింది. ఏదో అనబోయి ఆగింది. తర్వాత చేత్తో గ్లాసు ఎత్తినట్టు చూపించి, బాగా గట్టిగా, "మజ్జిగ తాగుతావా?" అంది.

బేరింగు విప్పితే లోపల గ్రీజు చుక్క లేదు, చిలుమునీళ్ళు. గుండ్లన్నీ గుంటలు పడిపోయాయి. అది సరిగ్గా తిరగక ఆగిపోతూ ఉంటే, బెల్టు దాని మీద రాసుకుంటూ కీచుమని ఏడ్చి ఏడ్చి కాలి చచ్చింది. మరి లోపలికి నీళ్ళెట్లా వచ్చాయి? ఆ సంగతి ఇంకా నగుబాటు. ప్రతి శనివారం సాయంత్రం ఇస్సాకు బండిని కడుగుతాడు. ఆదివారం తాను తెల్లబట్టలేసుకొని చర్చికి పోతుంటే, తనకు కూడు పెట్టే బండి మట్టి కొట్టుకొని ఉండకూడదని అతని పట్టింపు. ఇదివరకు తడిగుడ్డతో తుడిచేవాడు. ఎండాకాలంలో కాలనీవాళ్ళు కార్లు కడగడానికి ప్రెషర్ పంపు కొన్నారు. నడుం వంచక్కర్లేదు కదా అని ఇస్సాకు ఆ పంపుతో, బండి కిందా పైనా, ప్రతి శనివారం, ఎంతో ప్రేమగా బేరింగుల్లోకి నీళ్ళు కొట్టాడు. చేసింది అంతా తానే. అదీ సరే, తప్పు చేసినా బండి మొదటి రోజు నుంచీ చెప్తూనే ఉంది. కాలనీలో అందరికీ చెప్పింది. వినాల్సినవాడికే వినపడలేదు.

తూంకుంటలో బేరింగు దొరికింది. వేసి, బెల్టు తగిలించి, లాన్ చుట్టూ నాలుగు చుట్లు తిప్పాడు. బెల్టు చేత్తో పట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది, అంతే. సీతామహాలక్ష్మి తన గేటు దగ్గర నుంచే చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. చప్పుడు లేదని. ఆదివారానికి ఇంకా ఒక రోజు ఉండగానే బెల్టు రోగం కుదిరింది. సంతోషించాలి. ఇస్సాకుకు మాత్రం ఎక్కడన్నా గోడకు ఆనుకొని పడుకోవాలనిపించింది.

ఇంటికి పోయి చెప్పులు కూడా విప్పకుండా ఎలీషమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"నాకు చెవులు ఇనపడ్తలేవానే?"

ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది. చెయ్యి ఆగింది. తలెత్తకుండానే తలూపింది.

"ఎప్పట్సంది?"

"పోయిన ఈస్టర్ కంటె ముందట్నుంచి."

"మరి చెప్పొద్దా నాకు?"

ఎలీషమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. కంట్లో నీళ్ళూ వచ్చాయి, రెండూ ఒకేసారి. "మూడుసార్లు చెప్పిన క్రిస్టీన నాయినా! నువ్వు ఇనలే!"

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇస్సాకే ముందు నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఎటో పోయింది. అయితే మైకు మంచిదే. అయితే ఈమెకు కోపం లేదు. ఏడాదిపాటు అందరూ గొంతు నొప్పి పెట్టుకొని తనతో మాట్లాడుతుంటే, తాను అందరికీ పేర్లు పెట్టుకుంటూ తిరిగాడు. సిగ్గుతో తల నేలకు దించుకున్నాడు.

ఎలీషమ్మ దగ్గరికి జరిగి, చెవి పక్కన నోరు పెట్టి చెప్పింది. "బెల్టు బాగైంది గద. ఆళ్ళకేం తెల్వదు. నువ్వు చెప్పకు. క్రిస్టీనాతోని పోయి మిషన్ పెట్టించుకుందాం చెవికి. అప్పటిదాంక జర సూసుకుంట నడుపు."

అదే మంచిదనిపించింది. మనిషన్నాక ఆశ చావదు కదా.

శనివారం పొద్దున, పాడైన బేరింగును కాగితంలో చుట్టుకొని గోపాలరావు ఇంటికి వెళ్ళాడు. ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు. ఇస్సాకు బేరింగును ఆయన ముందు బల్ల మీద పెట్టి, నీళ్ళెట్లా పోయాయో, తప్పు తనదేనని దాచకుండా అంతా చెప్పాడు. ఇంజినీరు కదా, అర్థమైంది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పాడు.

"ఇగ బెల్టుకు రెండేళ్ళు ఢోకా లేదు సారూ. రేపు మీటింగుల గా మాట చెప్పండి. ఏజెన్సీ ఎందుకు ఇంక?"

గోపాలరావు సంతోషిస్తాడనుకున్నాడు. ఆయన మొహంలో సంతోషం కనపడలేదు. ఎటూ పోలేక చిక్కుకుపోయినవాడిలా ఉన్నాడు. బేరింగును బల్ల మీద పెట్టి, పేపరు మడత పెట్టి, మళ్ళీ విప్పి, మొహం తులసికోట వైపు తిప్పుకొని ఏదో అన్నాడు. పెదాలు కదిలినట్టు పక్క నుంచి కనపడింది.

"ఏందో ఇనపడలే సారూ."

ఆయన మళ్ళీ అన్నాడు. మొహం ఇంకా అటే ఉంది.

ఇస్సాకు మెట్టు పైకి ఎక్కాడు. "జర గట్టిగ చెప్పుండ్రి సారూ."

గోపాలరావు కుర్చీలోంచి లేచి, ఇటు తిరిగి, మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు. "నీకు వినపడట్లేదయ్యా ఇస్సాకూ! అది బెల్టు గొడవ కాదు! నీకు వినపడట్లేదు!"

ఎదురింటి బాల్కనీలో బట్టలారేస్తున్న పనిమనిషి సుక్కమ్మ చెయ్యి ఆపేసింది. వీధి చివర సెక్యూరిటీ లింగస్వామి కూడా తిరిగి చూశాడు. లోపల్నుంచి సీతామహాలక్ష్మి వచ్చి గడప దగ్గర నిలబడిపోయింది. ఎవరినీ నొప్పించడం చేతకాని మనిషి, మర్యాదగా దాచుకుందామనుకున్న మాటను వీధి వీధంతా వినేలా అరవాల్సి వచ్చింది.

అరుస్తూనే మిగతాదీ చెప్పాడు, చెప్పక తప్పలేదు. దసరా ముందు ఒకరోజు సుధీర్ కారులో వెనకే వస్తూ హారన్ మీద హారన్ కొడుతుంటే, ఇస్సాకు చూడకుండా బండిని అడ్డంగా తిప్పేశాడు. జానెడు దూరంలో బ్రేకు పడింది. ఆ రాత్రి సుధీర్‌కు నిద్ర పట్టలేదు. ఇస్సాకుకు ఆ సంగతే తెలియదు, తన దారిన తాను గడ్డి కోసుకుంటూ పోయాడు. ఇక్కడ చిన్నపిల్లలు ఆడుకుంటారు. కమిటీలో అందరికీ భయం. కానీ తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషికి మొహం మీద ఎట్లా చెప్పడం? ఇంతలో బెల్టులు పోవడం మొదలైంది. సరే, ఆ వంక చెబుదాం, గౌరవంగా ఉంటుంది అనుకున్నారు.

ఇస్సాకు మెట్టు మీద కూర్చున్నాడు. ఆ జానెడు దూరం అతని కళ్ళ ముందు నిలబడింది. కారు కాబట్టి ఆగింది. అదే బంతి వెనక పరుగెత్తుకొచ్చే పసిపిల్ల అయితే? రాత్రి ఎలీషమ్మ చెప్పిన మాటకు ఒప్పుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"నేను ఇగ బండి ఎక్క సారూ. మీరు తీసేసుడు కాదు, నేనే దిగుతున్న."

"నీళ్ళు పెట్టే పని, మొక్కల పని నీకే ఉంచుతాం!" గోపాలరావు అరిచాడు. "అది మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వను!"

ఇస్సాకు తలూపాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని కష్టంగా లేచాడు. మెట్లు దిగి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు.

"గీ మాట దసరాకే జెప్తే మూడు బెల్టులు బతుకుతుండె గద సారూ. కీచుమంటాందని ఒక్కలన్న చెప్పకపోతిరి."

గోపాలరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, తల దించుకొని, చాలా మెల్లగా ఏదో అన్నాడు. ఇస్సాకుకు వినపడలేదు. ఈసారి మళ్ళీ చెప్పమని అడగలేదు.